తిరుగు ప్రయాణంలో కారు లేదు

ఆ ఉదయం కర్టెన్లమ్మ ఇంటి ముందు స్టూలెక్కి కారు ఎత్తు కొలుస్తోంది. కర్టెన్లు కుట్టి, ఇళ్లకు వెళ్లి తగిలించి రావడం ఆమె పని. అందుకే వీధివాళ్లు ఆ పేరు పెట్టారు.

“పైన కట్టిన నీ పని నిచ్చెన తీసి కొలువు,” అన్నారు గుమ్మంలో కాఫీ తాగుతున్న భర్త. ఆయన స్కూల్లో లెక్కల మాస్టారు.

“తీసే కొలుస్తున్నానండీ. దానికి కూడా సముద్రం చూపిస్తానని నేనేం మాటివ్వలేదు.”

మామూలుగా అయితే మాస్టారు తిరిగి ఏదో ఒక చురక వేసేవారు. ఇవాళ కప్పులోకి చూస్తూ ఊరుకున్నారు.

వచ్చే వారం ఇద్దరూ సముద్రం అవతలున్న ఆడపడుచు ఇంటికి వెళ్తున్నారు. కార్లను కడుపులో పెట్టుకుని దాటించే పెద్ద ఓడలో ప్రయాణం. ఆడపడుచు భర్తకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. ఆ దిగులు ఒకవైపు ఉన్నా, కారు తానే నడిపి ఓడలోకి ఎక్కించబోతున్నానన్న ముచ్చట ఆమెను నిద్ర పోనివ్వడం లేదు. కర్టెన్ల రాడ్లు భుజాన వేసుకుని ఏళ్ల తరబడి బస్సుల్లో తిట్లు తిన్న మనిషి. యాభై దాటాక, తన కష్టంతో ఈ పాత కారు కొనుక్కుంది. కొడుకు దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంది. ఓడలోకి వాలుగా ఎక్కాలని విని, బజారులోని పార్కింగ్ మేడ మీదికి రోజూ ఎక్కించి దించుతోంది.

ఎత్తు చెప్పడానికి ఓడ ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతల అమ్మాయి టికెట్ వివరాలు చదివింది.

“వెళ్లేటప్పుడు ఒక కారు, ఇద్దరు మనుషులు. వచ్చేటప్పుడు ఇద్దరే. కార్ల వరుసలోకి రాకండమ్మా, నడిచి ఎక్కేవాళ్ల గేటు వేరే ఉంటుంది.”

“వచ్చేటప్పుడూ కారు ఉంటుందమ్మా. పొరపాటు పడ్డట్టున్నావు.”

“లేదండీ, నేనే రాసుకున్నాను. మళ్లీ అడిగితే సార్, ‘కారు తిరిగి రాదు’ అన్నారు.”

ఫోన్ పెట్టేసి ఆమె గుమ్మం వైపు చూసింది. కప్పు అరుగు మీద ఉంది, మాస్టారు లోపలికి వెళ్లిపోయారు.

హాల్లో ఆయన పేపరు తిరగేస్తున్నారు. కొడుకు ఆఫీసుకు వెళ్లబోతూ బూట్లు వేసుకుంటున్నాడు.

“కారు ఎందుకు తిరిగి రాదండీ?”

పేపరు కిందికి దిగింది. “చెల్లెలు రోజూ ఆయన్ని వ్యాయామాలకు తీసుకెళ్లాలి. బస్సు ఎక్కించలేకపోతోంది. కారు వాళ్ల దగ్గరే వదిలేసి వద్దామని...”

“ఎవరి కారు?”

“అక్కడికి వెళ్లాక నెమ్మదిగా చెబుదామనుకున్నాను. ఇక్కడ చెబితే నువ్వు కాదంటావు.”

“అక్కడైతే అనలేను. మంచం మీద మనిషిని పెట్టుకుని ఏ ముఖంతో కాదంటాను? బాగా లెక్క కట్టారు మాస్టారూ. కారు తీసివేసి నన్ను మిగిల్చారు.”

కొడుకు లేస్ ముడి విప్పి మళ్లీ వేశాడు. ఆమె అటు తిరిగింది.

“నీకూ తెలుసు కదరా?”

“నాన్న చెప్పొద్దన్నాడమ్మా.”

“నిన్న కూడా పక్క సీట్లో కూర్చుని క్లచ్చు మెల్లగా వదలమన్నావు. ఎవరికి అప్పజెప్పడానికిరా నాకా నేర్పు?”

వాడు తల వంచుకున్నాడు. భర్త మాట దాచడం ఆమెకు కొత్త కాదు. కొడుకు దాచాడన్నదే గుండెల్లో ముల్లులా దిగింది.

ఆమె ఆడపడుచుకు ఫోన్ కలిపింది. కారు ఇవ్వనని చెప్పడానికే కలిపింది. నోరు తెరవకముందే అవతలి గొంతు ఉప్పొంగింది.

“వదినా! కారు ఇచ్చేద్దామని ముందు నువ్వే అన్నావట. అన్నయ్య చెప్పాడు. మా ఆయనకి చెబితే, రెండో చెయ్యి లేవక ఒంటి చేత్తోనే నీకు దండం పెట్టారు. తోడబుట్టినవాళ్లు కూడా ఇలా చేయరు వదినా.”

కర్టెన్లమ్మ మాస్టారి వైపు చూసింది. ఆయన చూపు తప్పించారు. తన వస్తువే కాదు, తన మంచితనం కూడా అడక్కుండా తీసేసుకున్నారు.

“నేననలేదమ్మాయ్,” అంది. “నాకు ఇప్పుడే తెలిసింది.”

అవతల ఆడపడుచు ఏడ్చేసింది.

“అయితే వద్దు వదినా,” అంది ఏడుస్తూనే. “దొంగసొత్తులా నాకెందుకు? నువ్వు బస్సుల్లో పడ్డ పాట్లు నేను చూళ్లేదా? కారు ఊసు వదిలేయ్. నువ్వు రా, చాలు. ఇంట్లో మాట్లాడే మనిషి లేక పిచ్చెక్కుతోంది.”

ఆ ఏడుపులో దాపరికం లేదు. కర్టెన్లమ్మ కోపం తగ్గలేదు గానీ, ఎవరి మీద ఉండాలో వాళ్ల మీదికి మళ్లింది.

“వ్యాయామాలు ఎన్నాళ్లన్నారు?”

“రెండు నెలలు చేస్తే నడుస్తారన్నారు.”

“నేనుండి తిప్పుతాను. నా కుట్టుమిషన్ వెనక సీట్లో పడుతుంది. కారు మాత్రం నాతోనే వెనక్కి వస్తుంది, సరేనా?”

తర్వాత ఓడ ఆఫీసుకు చేసింది. “వెళ్లేటప్పుడు నువ్వు చెప్పినట్టే. వచ్చేటప్పుడు మాస్టారొక్కరే, నడిచి ఎక్కుతారు. కారూ నేనూ తర్వాత.”

“తర్వాతంటే ఎప్పుడమ్మా?”

“మా మనిషి నడిచాక.”

ఆమె ఫోన్ పెట్టేసింది. కొడుకు దగ్గరికొచ్చి, “తప్పయిందమ్మా,” అన్నాడు. తన భుజం మీద వాడు వేసిన చెయ్యి ఆమె తోసేయలేదు. వాడు కాసేపు నిలబడి ఆఫీసుకు వెళ్లిపోయాడు.

ఆమె వంటగదిలోకి వెళ్తే, మాస్టారు మాత్రం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. పిల్లలకు లెక్కలు చెప్పే గంభీరమైన గొంతు ఇప్పుడు ఎక్కడా లేదు.

“చెల్లెలి కష్టం చూడలేక... నీ కష్టం చూడ్డం మర్చిపోయాను.”

ఆమె పాలగిన్నె తోముతూనే ఉంది.

“స్కూలుకు నెల సెలవులున్నాయి,” అన్నారాయన. “నేను కూడా నీతో ఉండనా? ఆయన్ని దించడానికి, ఎక్కించడానికి ఇంకో మనిషుంటే నీకు తేలికవుతుంది. నీకిష్టమైతేనే.”

గిన్నె మీద ఆమె చెయ్యి ఆగింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన చెప్పడమే గానీ అడగడం ఆమె ఎరగదు. పొద్దుటి నుంచి బిగబట్టిన కన్నీళ్లు ఇప్పుడు జారాయి. మోచేత్తో తుడుచుకుంది.

“ఆలోచించి చెబుతాను,” అంది.

“సరే,” అన్నారు మాస్టారు. ఎంతసేపు పడుతుందని అడగకుండా, అక్కడే గుమ్మానికి ఆనుకుని నిలబడ్డారు.