మహాశ్రమల బీరువా

పొద్దున్నే తండ్రి కుట్టుమిషన్‌కి నూనె వేస్తుంటే, కూతురు ఆస్పత్రి కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన గుండె ఆపరేషన్‌కి ఇంకా వారమే ఉంది. సంతకం పెట్టమని నెల్లాళ్ళుగా అడుగుతోంది. ఆయన రేపూ మాపూ అంటున్నాడు.

“ఈలోపే ప్రభువు వచ్చి నమ్మినవాళ్ళని పైకి ఎత్తుకుపోతాడేమో తల్లీ. గుర్తులన్నీ కనబడుతూనే ఉన్నాయి. మధ్యలో ఈ కోతలూ కుట్లూ ఎందుకు?”

“మరి స్కూలు యూనిఫాంలు వచ్చే నెలకిస్తానని ఒప్పుకున్నావుగా! వాటి కోసం ఆయన్ని ఆగమంటావా?”

తండ్రి నవ్వాడు గానీ పెన్ను ముట్టుకోలేదు. ఆమెకి కోపం రాలేదు. భయమూ వేయలేదు. రెండేళ్ళ కిందట తల్లి పోయినప్పటి నుంచీ అంతే. సమాధి దగ్గర కూడా కన్నీటి చుక్క రాలేదు. ఆ తర్వాత చర్చికి వెళ్ళనూ లేదు. రక్త పరీక్షల ల్యాబులో రోజంతా సూదులు గుచ్చుతుంది, ఇంటికొస్తుంది, తింటుంది, పడుకుంటుంది. బతకడమంటే అంతే కాబోలు అనుకుంటుంది.

ఆస్పత్రివాళ్ళు పాత రిపోర్టులు అడిగారు. గుండీల డబ్బాలో తాళంచెవి వెతికి వెనకగది బీరువా తెరిచింది. రిపోర్టులు లేవు. అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, వరసగా బియ్యం, పప్పుల డబ్బాలు ఉన్నాయి. బట్టల మీద గీతలు గీసే సుద్దతో వాటి మీద ‘మొదటి ఏడు’ నుంచి ‘ఏడో ఏడు’ దాకా రాసి ఉంది. పక్కనే ఇన్‌హేలర్లు. ఇంట్లో ఆయాసం ఉన్నది ఆమెకొక్కదానికే. వాటి కింద ఒక ఉత్తరం.

‘అమ్మాయ్, ఒకరోజు నేను హఠాత్తుగా కనబడకపోతే కంగారుపడకు. ప్రభువు దగ్గరికి ఎత్తబడ్డానని అనుకో. ఇక్కడ మిగిలినవాళ్ళకి వచ్చే మహాశ్రమలు ఏడేళ్ళే. ఎవరెంత భయపెట్టినా క్రీస్తు విరోధి ముద్ర మాత్రం వేయించుకోకు. వేళకి తిను.’

ఉత్తరం పట్టుకుని వచ్చి మిషన్ పక్కన నిలబడింది.

“నేను మిగిలిపోతానని ఖాయం చేసేశావన్నమాట.”

తండ్రి కాళ్ళు మిషన్ మీద ఆగిపోయాయి. “ప్రార్థన మానేశావు కదమ్మా. నేనేం చెయ్యను?”

“ఎప్పటి నుంచీ దాస్తున్నావు?”

“అమ్మ పోయిన వారం నుంచీ. నీ మందులు గడువు దాటగానే మార్చేస్తున్నాలే.”

“అంటే నన్ను డబ్బాలకి అప్పజెప్పి నువ్వు పోతావు.” గొంతులో హెచ్చూ తగ్గూ లేదు. “మరి కింది అరలో రెండు పళ్ళేలెందుకు నాన్నా? నీ పాత కళ్ళజోడెందుకు? పరలోకంలో కళ్ళు కనబడవా?”

ఆయన చేతిలోని గుడ్డనే మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

“నిన్నొక్కదాన్నీ వదిలేసి ఎలా పోతానే? ఆ ఏడేళ్ళూ నన్ను కూడా ఇక్కడే ఉండనివ్వమని రోజూ ఆయన్ని అడుగుతున్నా. చర్చిలో అనకు, తిడతారు.”

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. రెండేళ్ళుగా ఎక్కడో ఆగిపోయిన ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది. అక్కడే నేల మీద కూలబడి, తండ్రి మోకాళ్ళ మీద తలపెట్టి చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఆయాసం ఎక్కడ ముంచుకొస్తుందోనని ఆయన గాబరాగా వీపు నిమిరాడు.

“నేను కూడా అడుగుతున్నా నాన్నా. ఉండు. నాకోసం ఉండు.”

తండ్రి కళ్ళు తుడుచుకుని కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

“బీరువాలో ఆ కళ్ళజోడు ఇలా తే,” అన్నాడు. “సంతకం ఎక్కడ పెట్టాలి?”