పట్టీ లేకుండా నిలిచే మాస్కు

“ముందు ఆ మీసం తీసేసి రండి,” అంది ఆమె.

కౌంటరు ముందు నిలబడ్డ యువకుడు గబుక్కున మూతి మీద చెయ్యి వేసుకున్నాడు. “నేనొచ్చింది డైవింగ్ మాస్కు కోసమండీ. క్షవరానికి కాదు.”

“మాస్కు కోసమే చెబుతున్నా. వెంట్రుకల సందుల్లోంచి నీళ్ళు దూరతాయి. గాజు వెనక మీ కళ్ళు చేపల్లా ఈదుతాయి.”

“కాలేజీ రోజుల నుంచి పెంచుకుంటున్న మీసమండీ ఇది!”

“అయితే ఒక ఫొటో తీయించి దాచుకోండి.”

ఆ డైవింగ్ సామాన్ల షాపు ఆమె నాన్నది. ఆయన వెనకవైపు పూల్‌లో డైవింగ్ నేర్పుతాడు, ఆమె ముందు షాపు చూసుకుంటుంది. మనిషి మొహం చూడగానే ఏ మాస్కు సరిపోతుందో చెప్పేస్తుంది. ఆరేళ్ళలో ఆమె ఇచ్చిన మాస్కు ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకూ చెబుతుంది, అడగనివాళ్ళకూ చెబుతుంది.

అతను వంతెనల ఇంజనీరు. నీళ్ళలోకి దిగి వంతెన స్తంభాలకు పగుళ్ళున్నాయేమో చూసే ఉద్యోగం దొరికింది. ఆదివారం ఆమె నాన్న పెట్టే టెస్టు పాసైతేనే అది ఖాయం. లేకపోతే సోమవారం బస్సెక్కి వెళ్ళి మామయ్య సిమెంటు కొట్లో కూర్చోవాలి.

“పట్టీ బిగిస్తే ఏ మాస్కైనా కూర్చుంటుంది. పట్టీ లేకుండా నిలవాలి, అదీ లెక్క. చూడండి.” ఆమె తన పాత నీలం మాస్కును మొహానికి ఆనించి, ముక్కుతో కాస్త గాలి లాగి, చేతులు వదిలేసింది. మాస్కు అతుక్కుపోయింది. తల అటూ ఇటూ ఊపినా కదల్లేదు. “పదేళ్ళయింది. ఒక్కసారీ జారలేదు.”

మర్నాడు పొద్దున్నే అతను వచ్చాడు. ముక్కు కింద ఒక చార మేర తెల్లగా, ఎండ ఎరగకుండా ఉంది.

“ఎవరండీ మీరు?” అంది ఆమె పెదవులు బిగించి.

“నిన్న మీరు అవమానించిన మీసం తాలూకు మనిషినండీ.”

ఆమె ఒక మాస్కు తీసి అతని మొహానికి ఆనించింది. అంచులు పరీక్షించడానికి పక్కకు వంగి చూసింది. బాగానే కూర్చుంది. “గాలి లాగండి. చెయ్యి వదలండి.”

మాస్కు ఊడి కౌంటరు మీద పడింది.

రెండోదీ అంతే. మూడోది కాస్త ఆలోచించి పడింది. గురువారానికి పదకొండు మాస్కులయ్యాయి. బయట చినుకులు పడుతున్నాయి, లోపల మాస్కులు పడుతున్నాయి.

“మీ మొహంలోనే ఏదో లోపం ఉంది, మీసాలాయనా.” మీసం పోయినా ఆ పేరు మాత్రం మిగిలింది.

“మా అమ్మ ఇరవై ఆరేళ్ళుగా చూస్తోంది. ఎప్పుడూ చెప్పలేదే!”

“అమ్మలు చెప్పరు. కదలకండి.” టేపు తెచ్చి అతని ముక్కు పొడవు కొలిచింది. అతను ఊపిరి బిగబట్టుకున్నాడు. డైవర్లు అలా చెయ్యకూడదని తిట్టింది.

శుక్రవారం సాయంత్రం అతను పన్నెండో పెట్టె మూత తెరవలేదు.

“ఇంక వదిలెయ్యండి. మామయ్యకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పేస్తాను.”

ఆమె టేపు చుట్టి పక్కన పెట్టింది. “లోపల ఇంకొకటి ఉండాలి,” అని వెనకగదిలోకి వెళ్ళింది. అక్కడ ఇంకేమీ లేదని ఆమెకు తెలుసు. ఖాళీ అల్మరా ముందు నిలబడింది. ఆమె బాధ ఆరేళ్ళ పేరు పోతుందని కాదు. సోమవారం పొద్దున్న ఆ తలుపు తోసుకుని అతను రాడు.

“అమ్మాయ్, ఇలా రా!” పూల్ నుంచి ఎప్పుడొచ్చాడో, షాపులోంచి నాన్న పిలిచాడు.

గుమ్మంలోకి వచ్చి చూస్తే, అన్నిటికంటే ముందు పెట్టి చూసిన మాస్కే అతని మొహానికి అతుక్కుని ఉంది. పట్టీ లేదు. ఆమె నోరు తెరిచేలోగా ఊడి నాన్న అరచేతిలో పడింది.

“లోపలికి వెళ్ళు,” అన్నాడు నాన్న, మాస్కు మళ్ళీ అతని మొహానికి ఆనిస్తూ. వెళ్ళింది. “ఇప్పుడు రా.” వచ్చింది. మాస్కు మళ్ళీ పడింది.

“ఇదేం మాయ నాన్నా?”

“మాయ కాదే, నవ్వు. మనిషి నవ్వితే బుగ్గలు లేస్తాయి, ముక్కు పక్కన గీత పడుతుంది. ఆ సందు చాలు. నువ్వు వంగి వంగి అంచులే చూశావు కానీ, మొహం చూళ్ళేదు.”

“నేనెక్కడ నవ్వించాను! తిడుతూనే ఉన్నాగా?”

“అదే మరి.”

ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి. నాన్న అతని భుజం తట్టాడు. “దీని వాళ్ళమ్మ ఈ కౌంటరులో కూర్చున్న రోజుల్లో నేను పదమూడు మాస్కులు పడేశాను. నీకింకా రెండు తక్కువే, బాబూ.” భార్య పోయాక ఆయన ఆమె మాట ఇంత తేలిగ్గా ఎత్తడం ఇదే మొదటిసారి. ఆయన మొహంలోనూ ఆ గీత పడింది.

ఆదివారం పూల్ దగ్గర నాన్న ఒకటే షరతు పెట్టాడు: టెస్టు అయ్యేదాకా అమ్మాయి గోడ వైపు తిరిగి కూర్చోవాలి. కూర్చుంది. గోడ మీద ‘ఇక్కడ పరుగెత్తరాదు’ అన్న బోర్డును నలభై నిమిషాలు చదివింది. వెనక బుడగల చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి నీళ్ళు పెద్దగా కదిలాయి.

“పాసా?” అని గోడనే అడిగింది.

“ఇటు తిరగండి, చెబుతాను.”

తిరిగింది. మాట అనేసి కళ్ళదాకా నీళ్ళలో మునిగాడతను. అంతవరకూ చుక్క నీరు దూరని అతని మాస్కులోకి ఆ క్షణాన బుడబుడమని నీళ్ళొచ్చాయి. అతను అది తీసి పైకొచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

“పాసయ్యాను. ఇంక ఈ ఊళ్ళోనే ఉద్యోగం. కానీ ఒక చిక్కొచ్చిపడింది.”

“ఏంటో?”

“మీరు కనపడకపోతేనే నాకు మాస్కు నిలుస్తుంది. నాకేమో మీరు రోజూ కనపడాలి. జీవితాంతం. ఇలాంటివాడికి మీ షాపులో ఏమిస్తారు?”

ఎంత మాటకైనా ఎదురుమాట చెప్పే పిల్ల, చటుక్కున ఒళ్ళో ఉన్న తన నీలం మాస్కు తీసి మొహానికి పెట్టుకుంది. ముక్కుతో గాలి లాగి, గడ్డం పైకెత్తి, దర్జాగా చేతులు వదిలేసింది.

మాస్కు జారింది. అతను రెండు చేతులతో పట్టుకున్నాడు.

“అమ్మాయ్!” పూల్ అవతలి నుంచి నాన్న కేకేశాడు. “పదేళ్ళదిగా, పాడైపోయిందేమో! కొత్తది తీసుకో!”

“లేదు నాన్నా,” అంది ఆమె, ఇంజనీరు మొహంలోంచి చూపు తిప్పకుండానే. “మాస్కు బాగానే ఉంది.”