గురువారం లారీ

"ఈడ జిలాన్ సార్ అంటే ఎవరు?"

కదిరి స్టేషను పక్కనున్న కరువు సహాయం గోదాములో, గోధుమ మూటల మధ్య కూర్చుని వ్యాగన్ నంబర్లు రాసుకుంటున్న జిలాన్ తలెత్తాడు. వాకిట్లో ఒక అమ్మాయి నిలబడి ఉంది. చీర అంచు నిండా ఎర్రమట్టి. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. కోపాన్ని మాత్రం మడత పెట్టకుండానే తెచ్చినట్టుంది.

"నేనే. మీరు?"

"మదీనాబీ. తనకల్లు బడిలో టీచరును. ఆడ గంజి కేంద్రం చూసేది కూడా నేనే. ఇరవై మూటలు పంపినామని మీరు రాసినారు. పద్నాలుగే దిగినాయి. తక్కిన ఆరూ దోవలో దిగి నడుచుకుంటా వస్తాండాయా?"

హమాలీల మేస్త్రీ ఎర్రిస్వామి తలగుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"అట్ల కాదు టీచరమ్మా. గుంతకల్లులో పెద్ద లైను బండిలోనుంచి చిన్న లైను బండిలోకి మార్చేటప్పుడు కొన్ని మూటలు చినుగుతాయి. వాటిని కుట్టి మరుసటి బండికి పంపుతారు. ఆ ఆరూ రేపొస్తాయి."

"రేపొచ్చే గోధుమలతో ఈ పొద్దు గంజి కాసేదెట్ల సార్? మీరు కాసి చూపిస్తే నేర్చుకుంటాను."

జిలాన్ రాసుకుంటున్న కాగితం పక్కన పెట్టాడు. లేచి, గోదాములో ఉన్నవాటిలోంచే ఆరు మూటలు తీయించాడు. ఆమె ఒక్కొక్క మూటనూ చేత్తో తట్టి లెక్కపెట్టుకుంది. లారీ ఎక్కబోతూ వెనక్కి తిరిగింది.

"మూటలు తక్కువైతే తక్కువ గంజి పోస్తాం సార్. కానీ లారీ ఏ దినం వస్తాదో ముందే చెప్పండి. దినం తెలిస్తే ఆకలైనోళ్లు కొంచెం ఓర్చుకుంటారు."

అది పంతొమ్మిది వందల అరవై ఐదు, ఆషాఢం. వరసగా వానలు తప్పిన కాలం.

జిలాన్ పని బయటివాళ్లకు గుమాస్తా పనే. అయితే మద్రాసులో ఓడ దిగిన గోధుమలు గుంతకల్లులో బండి మారి, ధర్మవరం మీదుగా కదిరి చేరి, అక్కడినుంచి రెండు లారీల్లో పదకొండు గంజి కేంద్రాలకు పోవాలి. ఎక్కడ ఒక పూట ఆలస్యమైనా, మూడో రోజు ఏదో ఒక ఊళ్లో కాగు బోర్లించే ఉంటుంది. ఇరవై ఆరేళ్ల జిలాన్‌కు ఈ పదకొండు ఊళ్ల పేర్లూ నిద్రలో కూడా వరస తప్పేవి కావు. ఆ రోజు నుంచి మాత్రం ఎటునుంచి మొదలుపెట్టినా తనకల్లే ముందు రాసాగింది.

వారం తర్వాత తనకల్లు నుంచి వచ్చిన రసీదు వెనక నాలుగు ముక్కలు కనిపించాయి.

"పంతొమ్మిది బాగున్నవి. ఒకటి ఎలుక కొట్టింది. ఎలుకకూ కరువే కాబట్టి క్షమించినాం."

జిలాన్ తర్వాతి లారీలో జవాబు పంపాడు. "ఎలుక పేరు, తండ్రి పేరు రాసి పంపితే మనిషికిచ్చినట్టే రేషను కార్డు ఇప్పిస్తాం."

"తండ్రి పేరు చెప్పడానికి సిగ్గుపడుతోంది. మీ గోదాములోనే పుట్టిందంట."

లారీ డ్రైవరు మస్తాన్ వలి ఆ చీటీలను చొక్కా జేబులో భద్రంగా తెచ్చేవాడు. "గోధుమల కన్నా ఇవే బరువైపోతాండాయి సార్. లారీ ఎత్తుల్లో ఎక్కలేకపోతాంది" అనేవాడు.

ఒకరోజు కేంద్రం తనిఖీ అని చెప్పి జిలాన్ తనకల్లు పోయాడు. బడి ముందర చింతచెట్టు కింద మూడు కాగుల్లో గోధుమనూక గంజి ఉడుకుతోంది. గరిట తిప్పుతున్న ముసలామె బయమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఈయప్పేనా చీటీల సారు? ఇంత బక్కగా ఉండాడే! టీచరమ్మా, ముందు ఈయప్పకు గంజి పొయ్యి."

మదీనాబీ చెంపలు ఎర్రబడ్డాయి. అది పొయ్యి సెగ వల్లనే అన్నట్టు ఆమె కాగు దగ్గరికి జరిగింది.

అప్పుడే ఎక్కడినుంచో ఒక మబ్బు వచ్చి, లెక్కపెట్టి పోసినట్టు పది చినుకులు రాల్చింది. ఆమె అరచేయి చాచింది. రెండు చినుకులు పడ్డాయి.

"రసీదు రాసియ్యాల్నా టీచరమ్మా?" అన్నాడు జిలాన్.

"రెండు ముట్టినవి, తక్కినవి దోవలో ఉండాయని రాయండి" అని నవ్వింది మదీనాబీ. మబ్బు వెళ్లిపోయినా జిలాన్‌కు ఆ సాయంత్రమంతా వానలో తడిసినట్టే ఉంది.

ఆగస్టులో జిలాన్ తల్లి ఖాతూన్‌బీ, కదిరిలోనే ఉన్న మదీనా తండ్రి ఫకృద్దీన్ ఇంటికి పోయింది. ఆయన దర్జీ. మిషను తొక్కడం ఆపి అంతా విన్నాడు. "మంచి పిల్లోడే. వాన పడనీ తల్లీ, నలుగురికి కడుపునిండా అన్నం పెట్టి నిఖా చేస్తాము" అన్నాడు.

వాన రాలేదు. యుద్ధం వచ్చింది.

సెప్టెంబరు మొదటి వారంలో గుంతకల్లు నుంచి తంతి మీద తంతి. వ్యాగన్లు ఉత్తరానికి, సైన్యం పనికి పోతున్నాయి. గోధుమలు ఎప్పుడు కదులుతాయో తెలియదు. రెండు లారీల్లో ఒకటి కూడా యుద్ధం పనికే పోయింది. జిలాన్ స్టేషను మాస్టరు గదిలోనే కూర్చుని, పదకొండు ఊళ్లలో ఎక్కడ ఎన్ని రోజుల గింజలున్నాయో రోజూ కొట్టివేసి తిరగరాస్తున్నాడు.

సోమవారం బస్సులో మదీనా చీటీ వచ్చింది. అందులో ఎలుకలు లేవు, నవ్వులు లేవు.

"రేపటితో నూక అయిపోతుంది. పదకొండు ఇండ్లవాళ్లు మైసూరు సీమకు వలసపోతామని మూటలు కట్టుకున్నారు. బయమ్మ కూడా మనవరాలిని తీసుకుని పోతానంటోంది. నేను ఆపినాను. దినం చెప్పండి."

జిలాన్ ఆ బస్సులోనే జవాబు పంపాడు. "గురువారం లారీ వస్తుంది. నా మాట."

బుధవారం సాయంత్రానికి ఒక్క వ్యాగను చేరింది. గురువారం పొద్దున్నే లారీ నింపారు. మస్తాన్ వలి ఇంజను వేశాడు. అంతలో నల్లమాడ కేంద్రం పెద్ద వెంకటరాముడు పదిమందితో వచ్చి లారీకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈ మూటలు యాడికి సార్?"

"తనకల్లుకు. మీకింకా నాలుగు దినాలకు ఉండాయి కదన్నా."

వెంకటరాముడు పదిమందికీ వినబడేట్టు అన్నాడు. "మా ఊరికీ ఒక చక్కని టీచరమ్మను ఏయించు సార్. అప్పుడు మాకూ మూటలు తప్పకుండా వస్తాయి."

అందరూ గొల్లున నవ్వారు. నలుగురు హమాలీలు కూడా నవ్వారు. ఎర్రిస్వామి తల వంచుకున్నాడు. జిలాన్ మొహం మండిపోయింది. ఈ మాట ఊరంతా పాకిందన్నమాట. రేపు పైఅధికారి దాకా పోతుంది. ఎవరో ఒకరు అర్జీ రాస్తారు.

"మస్తానన్నా, లారీ నల్లమాడకు పోనీ" అన్నాడు.

"సార్, తనకల్లులో పొయ్యి వెలగలేదు. నువ్వే కదా..."

"చెప్పింది చెయ్యన్నా!"

లారీ నల్లమాడ దారి పట్టింది. నవ్వినవాళ్లు మెచ్చుకోలుగా తలలూపారు. జిలాన్‌కు ఒక్క నిమిషం గుండె తేలికైంది కూడా.

పదకొండు గంటలకు తనకల్లు బస్సు కదలబోతుంటే జిలాన్ కాగితం తీశాడు. "ఈ పొద్దు లారీ రాదు, ఎందుకంటే" అని రాశాడు. ఆ తర్వాత ఏం రాయాలో తోచలేదు. కాగితం చింపేశాడు. బస్సు పోయింది.

శుక్రవారం ఏ వ్యాగనూ రాలేదు. శనివారం వచ్చింది. జిలాన్ తానే లారీలో కూర్చుని తనకల్లు పోయాడు. దారి పొడవునా తిట్లు తినడానికే సిద్ధపడ్డాడు. బడి దగ్గర లారీ ఆగగానే ఊరి పెద్ద గంగాధరప్ప ఎదురొచ్చి భుజం మీద చేయి వేశాడు.

"టైరు పేలిపోయి నడి దోవలో నిలబడిపోయినాదంట కదప్పా. టీచరమ్మ చెప్పింది. పాపం, నువ్వేం చేస్తావు!"

జిలాన్ ఉలిక్కిపడి మదీనా వైపు చూశాడు. ఆమె మూటలు లెక్కపెట్టడం ఆపి అతన్నే చూస్తోంది. చుట్టూ జనం. గింజలు తెచ్చినందుకు దండం పెడుతున్న జనం.

"అవునన్నా" అన్నాడు జిలాన్. "టైరు..."

మదీనా తల తిప్పుకుని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

బడి వెనక ఇద్దరూ నిలబడ్డారు. వీధిలో పదకొండు ఇండ్లకు తాళాలు కనిపిస్తున్నాయి.

"గురువారం పొద్దు వాలేదాకా కూర్చున్నారు నా ముందర" అంది మదీనా. "శుక్రవారం తెల్లారి పోయినారు. బయమ్మ కూడా. నిజంగా ఏమైంది?"

జిలాన్ దాచలేదు. వెంకటరాముడి మాటా చెప్పాడు, నవ్వులూ చెప్పాడు.

"ఆడ ఆకలి ఎక్కువుండి పంపింటే, నేనే నీకు దండం పెడుదును" అందామె నెమ్మదిగా. "నవ్వుతారని పంపినావు."

"నీ మీద కూడా మాట వస్తాదని భయపడినా మదీనా."

"నా పేరెత్తద్దు ఇందులో." ఆమె ఒక అడుగు వెనక్కి జరిగింది. "టైరని చెప్పి ఈ రెండు దినాలూ నీ మీద రాయి పడకుండా చూసినా. వచ్చినాక నువ్వే చెప్తావనుకున్నా. ఇప్పుడు పోయి చెప్పు."

"ఇప్పుడా? ఇంత ఆకలి మీదుండే జనం వింటే... కొంచెం సద్దుమణగనీ. ఉద్యోగం పోతుంది."

మదీనా అతని మొహంలోకి చూసింది. ఆ చూపులో ఇంకా ప్రేమ ఉంది. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

"సరే. వాళ్లకు నిజం చెప్పినాక, ఆ మరుసటి దినమే మీ అమ్మను మా నాయన దగ్గరికి పంపు. అంతవరకూ వద్దు."

పది రోజులకు కబురు వచ్చింది. మైసూరు సీమలో చేలూరు దాటినాక బయమ్మ దారిలోనే కన్నుమూసింది. మనవరాలిని ఎవరో వెనక్కి తెచ్చి, బయమ్మ కూతురు ఓబమ్మ చేతిలో పెట్టారు.

ఆ తర్వాత జిలాన్‌కు తనకల్లు పోవడానికి కాళ్లే రాలేదు. రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. రసీదులు వస్తూనే ఉన్నాయి. వెనక వైపు తెల్లగా ఉండేది. ప్రతిసారీ తిప్పి చూసేవాడు. తల్లి అడిగితే "వాన పడనీ అమ్మా" అనేవాడు.

మరుసటి ఏడు గోదాము మూసేశారు. అతన్ని అనంతపురానికి మార్చారు. ఆ వచ్చే ఏడు వాన పడింది. చాలా కాలానికి చెనిక్కాయ పంట, అదే వేరుశనగ, చేతికొచ్చింది. వలసపోయినవాళ్లు తిరిగొచ్చారని విన్న రోజు జిలాన్ తనకల్లు బస్సెక్కాడు.

చింతచెట్టు కింద గంగాధరప్పతో కలిసి పదిహేనుమంది, పీకి తెచ్చిన చెట్ల కట్టల నుంచి చెనిక్కాయలు కోస్తున్నారు. బడి గుమ్మంలో ఎవరో కొత్త టీచరు. జిలాన్ కూర్చోకుండానే, నీళ్లు కూడా తాగకుండానే మొదలుపెట్టాడు.

"అన్నా, ఆ పొద్దు టైరు పేలలేదు. లారీని నేనే నల్లమాడకు పంపినాను. ఆడ గింజలుండాయని తెలిసీ పంపినాను. మనుషులు నవ్వినారని..."

అంతా చెప్పాడు. బయమ్మ కూతురు ఓబమ్మ కాయలు కోయడం ఆపి, లేచి ఇంట్లోకి వెళ్లిపోయింది. తక్కినవాళ్లు గంగాధరప్ప వైపు చూశారు.

"మాకు తెలుసప్పా" అన్నాడు గంగాధరప్ప.

"ఎట్ల తెలుసన్నా?" అన్నాడు జిలాన్.

"నువ్వొచ్చి పోయినాక, ఆ మరుసటి వారమే మస్తాన్ వలి చెప్పుకోని ఏడ్చినాడు. మేము కట్టెలు తీసుకోని కదిరికి బయలుదేరితే టీచరమ్మే అడ్డం నిలబడింది. ఎవురూ ఆయప్పను అడగద్దండి, తనంతట తనే వచ్చి చెప్తాడు, అప్పుడు మీ ఇష్టం అనింది."

"ఎన్నాళ్లు ఎదురుచూసింది?" అన్నాడు జిలాన్.

"పోయిన రంజాన్ దాకా చూసింది. బస్సు ఆగితే సాలు, బడి గుమ్మంలోకొచ్చి చూసేది. వాళ్ల నాయనకు జబ్బు చేసినాక ఇంక కాదనలేకపోయింది. హిందూపురంలో ఇచ్చినారు. మంచి మనిషేనంట. బాగుండాది."

జిలాన్ అక్కడే మట్టిలో కూర్చున్నాడు.

"తిట్టండన్నా."

"అప్పుడే చెప్పింటే తిడుతుంటిమి. నాలుగు తగిలిస్తుంటిమి కూడా. మూడో దినానికి మర్చిపోయి, మీ పెండ్లికొచ్చి బువ్వ తింటుంటిమి." గంగాధరప్ప కొన్ని చెనిక్కాయలు అతని ముందుకు తోశాడు. "ఇప్పుడు తిట్టేకి కోపం యాడుండాది?"

జిలాన్ తలెత్తాడు. "నేను వచ్చినానని, చెప్పినానని... ఆమెకు ఒక మాట చేరేస్తారా అన్నా?"

గంగాధరప్ప కాయలు కోయడం ఆపాడు. తర్వాత అడ్డంగా తలూపాడు.

"వద్దప్పా. ఆ పిల్ల నిన్ను మరిచిపోయేకి ఎంత కష్టపడిందో మేము చూసినాము. ఆయప్ప వస్తాడు అని ఆమె అనింది. వచ్చినావు. ఆమె మాట అబద్ధం కాలేదని మాకు తెలిసింది. అంతే సాలు."

కదిరి బస్సు వచ్చి, కాసేపు ఆగి, వెళ్లిపోయింది. జిలాన్ కళ్లు తుడుచుకుని, ఓబమ్మ వదిలిపెట్టి పోయిన చెనిక్కాయల కట్ట దగ్గరికి జరిగి, వంచిన తల ఎత్తకుండా కాయలు కోయసాగాడు.