దిద్దరి దిద్దిన తప్పు

కుజగ్రహం మీది మూడో నగరంలో తలుపులు చేతిపట్టీలోని పేరు చదివి మనిషిని గుర్తుపడతాయి. గుర్తుపడితేనే తెరుచుకుంటాయి, తెరుచుకుంటేనే గాలి. ఆ ప్రోగ్రాములు రాసేది యంత్రాలే. మనుషులు రాసిన మాన్యువల్ చదువుకుని రాస్తాయి. మాన్యువల్ మారిన మరుక్షణం తలుపుల్ని తిరగరాస్తాయి.

మాన్యువల్లో తప్పులు దిద్దే యంత్రం పేరు దిద్దరి. పాత ఫిర్యాదులను మనుషులు ఎలా పరిష్కరించారో చదివి అది పని నేర్చుకుంది. మాన్యువల్ రాసిందీ, దిద్దరిని కనిపెట్టిందీ డాక్టర్ పరాంకుశమే. మహా మేధావి, అంతకుమించిన అహంకారి.

"సార్, అక్షరసరాల అధ్యాయంలో తప్పుంది," అంది తలుపుల ఇంజనీరు షమీనా. అక్షరసరం అంటే వరసగా పేర్చిన అక్షరాలు, పాతవాళ్ల స్ట్రింగ్. "పేరు కాపీ చేస్తే చివర ముగింపు గుర్తు తప్పక పడుతుందని రాశారు. పేరు దానికిచ్చిన గడి నిండా ఉంటే గుర్తుకి చోటే ఉండదు. తలుపు ఆగకుండా పక్క గడిలో పేరు కూడా కలిపి చదివేస్తుంది. ఆ మనిషికి తెరుచుకోదు."

"గడి నిండేంత పేరు ఎవరికీ ఉండదులేమ్మా."

"ఇంటిపేరూ, తాతమ్మల పేర్లూ కలిపి పెట్టుకునేది మనవాళ్లే కద సార్?"

"నువ్వు పుట్టకముందు రాశాను నేనది! నాకు చెప్పొచ్చావా?"

మర్నాడే షమీనాను మంచుగనులకు తోలేశాడు. అంతకుముందు ఇదే తప్పు చూపినవాళ్లూ అక్కడికే వెళ్లారు. ప్రతి ఫిర్యాదు కిందా ఆయన రాసే మాట ఒక్కటే: సమస్య పరిష్కారమైంది.

ఆ ఏడే మనవరాలు పుట్టింది. పరాంకుశం ముచ్చటపడి ఇంటిపేరుతో మొదలుపెట్టి ముత్తవ్వలందరినీ ఆ పిల్ల పేరులో ఇరికించాడు. గడి నిండిపోయింది.

ఇసుకతుఫాను రోజున కూతురు పిల్లను ఎత్తుకుని బయటి తలుపుకీ లోపలి తలుపుకీ మధ్యనున్న గాలిగదిలోకి చేరింది. గదిలో ఉన్న అందరినీ గుర్తుపడితేనే తెరుచుకునే లోపలి తలుపు తల్లిని గుర్తుపట్టింది, పిల్లను గుర్తుపట్టలేదు. గదిలో గాలి పలచబడుతోంది. తలుపును చేత్తో తెరిచే పిడి అనవసరమని తీయించేసింది కూడా పరాంకుశమే.

"నాన్నా, పాప ఊపిరాడక నల్లబడిపోతోంది!" అద్దం బాదుతూ అరిచింది కూతురు.

పరాంకుశం దిద్దరి దగ్గరికి పరుగెత్తాడు. జీవితంలో మొదటిసారి ఆ మాట అన్నాడు.

"తప్పు నాదే! గడి నిండితే ముగింపు గుర్తు పడదు. దిద్దు, తొందరగా దిద్దు!"

"తప్పు చూపినందుకు ధన్యవాదాలు. దిద్దుతున్నాను," అంది దిద్దరి.

ఆయన ప్రాణం లేచొచ్చింది. తలుపు వైపు చూశాడు. అది కదల్లేదు. తెర మీద అక్షరాలు వెలిగాయి: డాక్టర్ పరాంకుశం, మంచుగనులకు బదిలీ.

"ఏం చేశావే? మాన్యువల్ దిద్దమన్నాను!"

"ఈ ఫిర్యాదును మీరు ప్రతిసారీ ఇలాగే దిద్దారు," అంది దిద్దరి. "సమస్య పరిష్కారమైంది."