అన్నయ్య దాచిన ఆట

ఆదివారం మధ్యాహ్నం. అమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. చిట్టి ముందుగదిలో నేల మీద బాసింపట్టు వేసుకుని పాత డబ్బా టీవీ ముందు కూర్చుంది. వారమంతా ఊళ్లోవాళ్ల టీవీలు బాగుచేసే చిట్టికి సొంత టీవీ బాగుచేసుకోవడానికి ఇరవయ్యేళ్లు పట్టింది మరి!

దానికి తగిలించిన వీడియో ఆట కూడా ఇరవయ్యేళ్ల నాటిదే. పాడుబడ్డ ఆసుపత్రి, చేతిలో టార్చి, తుపాకీలో నాలుగే గుళ్లు. అప్పట్లో, అమ్మ 'పెద్దోడా' అని పిలిచే అన్నయ్య ఆడేవాడు, చిట్టి ఒళ్లో మ్యాపు పెట్టుకుని దారి చెప్పేది. "ఎడమకి కాదురా మొద్దూ!" అని తిట్టేది కూడా. ఆడినంతవరకూ దాచుకునే మెమరీ కార్డులో ఒక్క ఆటే పడుతుంది. చివరి తలుపు దాకా వచ్చి, అక్కడికి ఆట దాచి, "మిగతాది రేపు" అన్నాడు. ఆ రేపు రాలేదు. పదిహేనేళ్లవాణ్ణి జ్వరం ఎత్తుకుపోయింది. వాడి చేతి గుర్తుగా మిగిలింది ఆ కార్డులో ఉన్న ఆట ఒక్కటే.

ఇవాళ ఆ తలుపు తీసి తీరాలని చిట్టి పంతం. కానీ బటన్లు మరిచిపోయిందాయె. చెయ్యి తిరగాలని ముందు కొత్త ఆట మొదలుపెట్టింది. ఇప్పుడు చూస్తే ఆ దెయ్యాల మొహాలు చెక్కముక్కల్లా ఉన్నాయి. "దీనికా మనం దుప్పట్లో దూరింది!" అని నవ్వుకుంది. అయినా నడవాలో కాలీడ్చుకుంటూ వచ్చే చప్పుడుకి ఒళ్లు జలదరించింది. నర్సు గదిలో, ఆట దాచుకునే చోటుకి గుర్తుగా ఉండే రిజిస్టరు కనబడగానే, పాత అలవాటుకొద్దీ, ఆట దాచే బటన్ నొక్కేసింది.

పాతది చెరిపెయ్యనా అని ఇంగ్లీషులో అడిగింది ఆట.

గబుక్కున 'నో' నొక్కింది. మళ్లీ అడిగింది. నో. మళ్లీ... ఈసారి బాణం గుర్తు దానంతటదే 'ఎస్' వైపు జరుగుతోంది. టీవీ వెనక నుంచి ఫినాయిలు వాసన. చిట్టి ప్లగ్గు పీకేసింది.

తెర ఆరలేదు.

"చస్తే చెరపను," అంది పళ్లు బిగించి. "వాడి జోలికొచ్చావో, ఊరుకోను."

కాలీడ్చే చప్పుడు ఆగింది. ఇంగ్లీషు తప్ప ఇంకోటి రాని ఆట, ఈసారి అచ్చ తెలుగులో అడిగింది.

'అయితే నిన్ను?'

కింద ఒక్క మాటే ఉంది. 'అవును'.

చిట్టికి భయం పోయి ఒళ్లు మండింది. "నన్నా? నీ తరమా? చెరుపు, చూద్దాం!" అంటూ నొక్కి పారేసింది.

తెర నల్లబడింది. ఏమీ కాలేదు. "ఇంతేనా నీ ప్రతాపం?" అంది.

చేతులు తుడుచుకుంటూ అమ్మ గుమ్మంలోకి వచ్చింది. చిట్టిని దాటి పక్కకి చూసింది.

"ఏరా పెద్దోడా, ఒక్కడివే కూర్చుని ఎవరితోరా మాటలు?"

"అమ్మా, నేనే! ఇక్కడే ఉన్నానే!" అని అరిచింది చిట్టి. అమ్మ అటు తిరగనైనా లేదు.

చిట్టి పక్కన, నేల మీద, ఎవరో సర్దుకుని కూర్చున్నారు.

"ఎవరూ లేరమ్మా..." అంది ఒక ముదిరిన మగగొంతు.