నైరుతి మూల పూత

బావమరిదిని నమ్ముకుని పని మొదలెట్టినవాడు బాగుపడ్డట్టు ఎక్కడా విన్లేదు. ఎల్లాజీ ఒక చేత్తో రోలరు, ఒక చేత్తో బకెట్టు పట్టుకుని, పెళ్లాం తమ్ముడు బాబీని నోటికొచ్చినట్టు తిడుతున్నాడు.

నౌపడ రోడ్డు పక్కన ఎల్లాజీకి బైకుల గారేజీ ఉంది. రేపు కంపెనీ మనిషి చూడ్డానికొస్తాడు. నచ్చితే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ సర్వీసు సెంటరు ఎల్లాజీది. నచ్చకపోతే టెక్కలిలో ఇంకొకడు కాచుకుని కూర్చున్నాడు. నేల మీద నూనె మరకలు కనిపిస్తే సంతకం పెట్టనని ఆ మనిషి ఫోన్లో ముందే చెప్పేశాడు. అందుకే ఈ ఎపాక్సీ పూత. రెండు డబ్బాల మందు కలిపి, నేల మీద పోసి, రోలరుతో పరవాలి. కలిపితే చాలు, బకెట్లోనే గట్టిపడిపోతూ ఉంటుంది. ఒకడు కలుపుతుంటే ఇంకొకడు పరవాల్సిన పని అది. ఆ ఇంకొకడేమో "వత్తన్నాను బావా, దార్లో ఉన్నాను" అంటూ మధ్యాహ్నం నుంచీ దార్లోనే ఉన్నాడు.

చాలదన్నట్టు తల్లి గున్నమ్మ ఒకత్తి.

"ఒరే, శుభమాని పని మొదలెడతన్నావు. ఈశాన్యం మూలొగ్గీసి ఎక్కడపడితే అక్కడ సెయ్యెడతావేటి?"

"షట్టరున్నాదే ఈశాన్యంలోనమ్మా! అక్కణ్నుంచి పూసుకుంటా పోతే నానెలా బైటికొస్తాను?"

"ఆరేదాకా ఎనక మూలన కూకో. కూకుంటే అరిగిపోతావేటి?"

కాదంటే, రేపు సంతకం పడకపోతే అదే కారణమని జన్మంతా దెప్పుతుంది. లోకంలో ఎవడైనా తలుపు దగ్గరికి పూసుకుంటూ వస్తాడు. ఎల్లాజీ తలుపు దగ్గర మొదలెట్టి వెనక్కి పోయాడు. తడి మీద ఉసుళ్లు వాలకుండా షట్టరు ముప్పాతిక దించేశాడు. బాబీ వస్తే అందుకుంటాడని రెండో రోలరు గడప దగ్గరే పెట్టాడు. ఫోను బయట బైకు సీటు మీదే మర్చిపోయాడు. గుర్తొచ్చేసరికి మధ్యలో అంతా తడి.

"నా కర్మ!" అని నుదురు కొట్టుకుంటే నుదుటికీ అంటుకుంది పూత.

నైరుతి మూలకి చేరేసరికి సందె పడింది. చిన్న చినుకు మొదలైంది. చినుకు పడ్డాక కరెంటుంటుందా? పోయింది. షట్టరు కింద బూడిదరంగు వెలుతురు సన్నగా మిగిలింది. ఉప్పు మడుల వైపు నుంచి బురద వాసన వస్తోంది. ఎల్లాజీ ఇంకా చేతికందినంత మేర తడుముకుంటూ పరుస్తూనే ఉన్నాడు. బకెట్లో మందు అప్పటికే బంకైపోతోంది.

సర్ర్... సర్ర్...

తన రోలరు ఆపాడు. అవతల చప్పుడు ఆగలేదు. షట్టరు వైపు నుంచి, నిదానంగా, ఒక్క తీరుగా... సర్ర్... సర్ర్...

ఎల్లాజీకి ఒళ్లు మండిపోయింది. "వచ్చేవేట్రా సచ్చినోడా! పనంతా అయ్యాక వచ్చి ఎవుడికి సూపిస్తావు?"

సర్ర్... సర్ర్... మధ్యకి వచ్చింది.

"నోట్లో ఏటెట్టుకున్నావురా? తడి మీద తొక్కుతన్నావేటి? నా పూతంతా..."

అప్పుడు తట్టింది. అడుగుల చప్పుడు లేదు. బంకలో కాలు వేస్తే చప్పుడవ్వాలి. పచక్కుమనాలి.

"బావా..." చాలా మెల్లగా వినిపించింది. బాబీ గొంతే. "అటు జరుగు."

ఎల్లాజీ జరిగాడు. వీపుకి గోడ తగిలింది. ఇంక జరగడానికి చోటు లేదు.

బయట బైకు ఆగింది.

"బావా! తిట్టకు బావా, నీకు దణ్నమెడతాను. టైరు పంచరైపోనాది!"

అది బాబీ. షట్టరు బయట.

లోపల రోలరు ఆగిపోయింది. బాగా దగ్గరగా ఆగింది. ఎల్లాజీ ఊపిరి బిగబట్టాడు. చీకట్లో, మొహానికి ఎదురుగా...

"ఇంకొంచెం... అటు జరుగు."

అంతే. సర్వీసు సెంటరూ లేదు, సంతకమూ లేదు. తడి మీద పడి పరిగెత్తాడు. మధ్యలో జారాడు. మోకాళ్లూ అరచేతులూ ఆనించి పాక్కుంటూ షట్టరు కింద నుంచి బయటపడ్డాడు.

బాబీ ఫోను లైటు లోపలికి కొట్టాడు. ఎవరూ లేరు. రెండో రోలరు గడప దగ్గరే ఉంది. నేల మాత్రం ఎద్దులు తొక్కిన మడిలా ఉంది.

"ఎవుడితో మాటాడతన్నావు బావా?"

ఎల్లాజీ రోడ్డు మీదే చతికిలబడి ఏడ్చేశాడు. భయానికి కొంత, నేలకి కొంత. ఇన్నాళ్ల ఆశ తన కాళ్లతోనే తొక్కేసుకున్నాడు.

మర్నాడు ఎండ ముదిరాక కంపెనీ మనిషి వచ్చాడు. క్షమించమని చెప్పుకోవడానికి ఎల్లాజీ చేతులు నలుపుకుంటూ షట్టరు ఎత్తాడు. నేల తళతళలాడిపోతోంది. అడుగు లేదు, అరచెయ్యి లేదు, జారిన గీత లేదు. కంపెనీ మనిషి అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు.

"పనివాళ్లు ఎవరండీ? బాగా చేశారు. ఆ వెనక మూలన కాస్త వదిలేశారంతే."

ఎల్లాజీ వెళ్లి చూశాడు. నిన్న తను గోడకానుకుని నించున్న చోట రెండు పాదాలంత మేర పూత పట్టలేదు, సిమెంటు కనిపిస్తోంది. వేళ్లు షట్టరు వైపు. వాటికి ఎదురుగా, బొటనవేళ్లు తగిలేంత దగ్గరగా, ఇంకో రెండు పాదాలు. చిన్నవి, చెప్పులు లేనివి. వాటి వేళ్లు గోడ వైపు.

ఆ సాయంత్రమే బాబీ మిగిలిన మందు కలిపి ఆ మచ్చలన్నీ పూసేశాడు. ఎల్లాజీ మూల దగ్గరికి పోలేదు, షట్టరు దగ్గరే కుర్చీ వేసుక్కూర్చున్నాడు. తెల్లారి చూస్తే పెద్ద పాదాలు పూతలో కలిసిపోయాయి. చిన్నవి మాత్రం అలాగే సిమెంటు రంగులో ఉన్నాయి. వాటి వేళ్లు ఇప్పుడు షట్టరు వైపు తిరిగి ఉన్నాయి.