తెలియదన్నవాడి స్టెప్నీ

మెనూడో పులుసు గిన్నెలో చెంచా ముంచుతూనే నాచో తెర్రాసాస్ చచ్చిపోయాడు. కిటికీ అద్దం పగిలింది, బుల్లెట్ మెడలోంచి దూసుకుపోయింది. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ కేసాదా చొక్కా నిండా నెత్తురు, పేగుల పులుసు.

నాచో ఇన్‌ఫార్మర్. వాళ్లక్కడ కలుస్తారని తెలిసింది ఇంకొక్కరికే. ఫిదెన్సియో ముఠాలో కేసాదా నాటిన ఏజెంటు, అందగత్తె లియొనోర్!

సరిహద్దు ఊరు ఎల్ పాసోలో, మత్తుమందుల నిఘా ఆఫీసులో చీఫ్ బల్ల గుద్దాడు. "ఫిదెన్సియో మూడుసార్లు ఫెంటానిల్ పొడితో దొరికాడు. 'కారు నాది కాదు, లోపలేముందో నాకేం తెలుసు' అని మూడుసార్లూ బయటపడ్డాడు. కారు అరువిచ్చిన అమాయకులు జైల్లో ఉన్నారు. ఇవాళ వాడు తెచ్చేది నాచో చెల్లెలు యులాలియా కారు. స్కూల్లో వంటమనిషి, పిల్లల తల్లి."

"సరుకు పట్టుకోనా?"

"సరుకు ఎవడైనా పడతాడు. వాడికి తెలుసన్న సంగతి పట్టుకురా."

సరిహద్దు వంతెనకి ఇవతల ఓ టైర్ల షాపులో కేసాదా మేస్త్రీ వేషం కట్టాడు. టోపీలో కెమెరా. రోడ్డు మీద మేకులు తనే చల్లాడు. నీలం కారు కుంటుతూ వచ్చి ఆగింది. ఫిదెన్సియో దిగాడు, వెనకే ఎర్ర గౌనులో లియొనోర్.

"కొత్త టైరు వెయ్యి మేస్త్రీ."

"స్టెప్నీ ఉందిగా అన్నా, దండగెందుకు?" కేసాదా డిక్కీ తెరిచాడు.

ఫిదెన్సియో అందుకున్న జాకీ రాడ్డు కేసాదా మోకాలి మీద పడింది. ఎముక ఫట్‌మంది. "ముట్టుకోమన్నానా రా?" రెండో దెబ్బకి పళ్లు రాలాయి.

లియొనోర్ కేసాదా టోపీ వైపు ఓ చూపు విసిరి ఫిదెన్సియో చెవిలో ఏదో ఊదింది. రాడ్డు కింద పడింది. ఫిదెన్సియో చేతులు జోడించాడు.

"తప్పయిపోయింది సార్, దొంగవనుకున్నా. కారు యులాలియాది, స్టెప్నీ కూడా ఆవిడదే. అందులో ఏముందో దేవుడికెరుక."

"పాపం, ఈయనకేం తెలుసు? నాకూ తెలియదు," అంది లియొనోర్ తీయగా.

కేసాదాకి ఒళ్లు మండిపోయింది. ఇక్కడ ఓడితే యులాలియాకి పదేళ్లు జైలు. కాలీడ్చుకుంటూ స్టెప్నీని కిందికి లాగాడు, కత్తి తీశాడు.

"తెలియదుగా? అయితే చూద్దాం." పిడి దాకా దించాడు.

టైరు ఢామ్మని పేలింది. షాపంతా తెల్లటి పొడి.

ఫిదెన్సియో చొక్కా ఎత్తి ముక్కు మూసుకున్నాడు. "ఊపిరి పీల్చకే! చస్తాం!"

"ఫెంటానిల్! పరిగెత్తు!" గౌను అంచు మూతికి అడ్డం పెట్టుకుని లియొనోర్ కేక వేసింది.

ఫెంటానిల్ అన్న మాట అప్పటిదాకా అక్కడ ఎవరూ అనలేదు.

కేసాదా నెత్తుటి పెదాల మీది పొడిని నాకాడు. "రొట్టెల పిండి. పొద్దున చెక్‌పోస్టులోనే సరుకు తీయించి ఇది పెట్టించాను. నీకు మాత్రం చెప్పలేదు లియొనోర్. నాచో కూర్చున్న టేబుల్ నీకొక్కదానికే తెలుసు మరి."

ఆమె పిస్తోలు లేచింది. కింద పడ్డ అదే రాడ్డుతో కేసాదా ఆమె మణికట్టు విరగ్గొట్టాడు. గుండు పైకప్పులోకి పోయింది. పారిపోతున్న ఫిదెన్సియోని బయట కాపుకాసినవాళ్లు బోర్లా పడేశారు.

రెండ్రోజులకి కోర్టులో, బెయిలు విచారణలో, వాడి లాయరు అలవాటుగా "నా క్లయింటుకి తెలియదు" అని మొదలుపెట్టాడు. వీడియో చూశాక కూర్చున్నాడు.

నాచోని పాతిపెట్టిన మర్నాడు కేసాదా కర్ర ఊతంతో వెళ్లి యులాలియాకి కారు తాళం ఇచ్చాడు. ఆమె ఏడుస్తూనే డిక్కీ వైపు భయంగా చూసింది.

"కొత్త స్టెప్నీ వేయించానమ్మా," అన్నాడు. "లోపల గాలే ఉంది. నాకు తెలుసు."